రిజిస్ట్రారు గారి కాళ్ళు

ఆ శనివారం ఫాబియాన్ కెనల్యాతా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఒకే ఒక్క పెళ్ళి. అది నమోదు చేసేసి, ఇంటికి పోయి, సరస్సు చేప వేపించుకు తిని పడుకోవడం. తితికాకా సరస్సు ఒడ్డున ఆ చిన్న ఊళ్ళో పద్నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళు చేయించే అధికారి ఆయనే. పై ఆఫీసు నుంచి కొత్త ఫారాలు వచ్చాక, మూడు రోజులుగా ఆయన తలకి ఎవరో తాడు చుట్టి బిగిస్తున్నట్టుంది.

తొమ్మిదింటికి గుమాస్తా ఎవుఫ్రోనియా ఆయన ముఖం చూసి, అడక్కుండానే వైద్యానికి దిగింది. కోకా ఆకులు తడిపి రెండు కణతలకీ అంటించింది. బేసిన్‌లో వేణ్ణీళ్ళు పోసి, రోజ్‌మేరీ రెమ్మలు వేసి బల్ల కింద పెట్టింది.

"కాళ్ళు ఇందులో పెట్టండి. తలకెక్కిందంతా కిందికి దిగుతుంది. గంట దాకా తియ్యకూడదు."

"పెళ్ళివాళ్ళు వస్తారేమోనమ్మా."

"పదకొండుకి కదా. మీరు కళ్ళు మూసుకోండి," అని ఆయన బూట్లూ మేజోళ్ళూ పెరట్లో ఎండకి పెట్టి, బజారుకి వెళ్ళింది.

పది నిమిషాలకే బ్యాండు వినిపించింది. బ్యాండువాళ్ళకి పదకొండుకి వేరే ఊళ్ళో మరో పెళ్ళి ఉందని పెళ్ళివాళ్ళు ముందే వచ్చేశారు. ఫాబియాన్ ఆకులు పీకి సొరుగులో తోశాడు. కాళ్ళని తోయడానికి చోటు లేదు. బల్లగుడ్డ నేల దాకా ఉంది గనక కదలకుండా కూర్చున్నాడు.

పెళ్ళికూతురు ఇల్డా, పల్లె ఆడవాళ్ళు కట్టే కుచ్చుల పావడా కొత్తది కట్టుకుంది. పెళ్ళికొడుకు వ్యాను నడుపుతాడు. ఆమె తండ్రి సెనోవియో బంగాళాదుంపల రైతు.

"ప్రమాణానికి అందరూ లేవండి," అన్నాడు ఫాబియాన్, కూర్చునే.

అందరూ లేచారు. సెనోవియో మాత్రం ఆయన్నే చూస్తున్నాడు. "మీరు లేవరా అయ్యా?"

"పర్లేదు, కానిద్దాం."

"పోయిన నెల లాయరు గారి కూతురి పెళ్ళికి లేచారట. మా పిల్ల పావడా కట్టుకొచ్చిందనా?"

ఫాబియాన్ తల్లి పోయేదాకా అలాంటి పావడాయే కట్టింది. ఆయన చెవులు భగ్గుమన్నాయి. నిజం చెబుదామని నోరు తెరిస్తే అబద్ధం వచ్చింది.

"నా కాళ్ళు పడిపోయాయండీ. ఈ వారమే."

సెనోవియో టోపీ తీసి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "తెలీక నోరు జారాను. మన్నించండి." ఇల్డా కళ్ళొత్తుకుంది. ఫాబియాన్ తల ఎత్తకుండా ప్రమాణం చదివించి, సంతకాలు పెట్టించాడు. గండం గడిచిందనుకున్నాడు.

"ఇక ఫోటో," అన్నాడు పెళ్ళికొడుకు. "మీరు లేకుండా ఎలా? కుర్చీతో సహా ఎత్తుకెళ్తాం."

"వద్దు బాబూ, వద్దు."

మొహమాటమనుకుని నలుగురు ఎత్తనే ఎత్తారు. ఆయన మడమ తగిలి బేసిన్ బోర్లాపడింది. నీళ్ళకి ఒకడి కాలు జారింది. కుర్చీ ఒరిగేసరికి ఫాబియాన్ కిందికి దూకి, రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు. ఎర్రగా ఉడికిన వేళ్ళ మధ్య రోజ్‌మేరీ రెమ్మ.

"లేచి నిలబడ్డాడు," అంది ఓ ముసలమ్మ, సిలువ గుర్తు వేసుకుంటూ. "పిల్ల అడుగు మంచిది."

బ్యాండువాళ్ళు భక్తిగీతం ఎత్తుకున్నారు. ఎవరో ఆయన తల మీద రంగు కాగితాల ముక్కలు చల్లారు. ఇద్దరు ఆడవాళ్ళు ఆ నీళ్ళలోనే మోకరిల్లారు. ఇల్డా ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు ఫాబియాన్ చూడలేకపోయాడు.

"ఆపండి. నా కాళ్ళకేం కాలేదు. తలనొప్పికి వేణ్ణీళ్ళలో పెట్టుకున్నాను. మీ ముందు బయటికి తియ్యడానికి సిగ్గేసింది."

గీతం సగంలో ఆగింది.

"తలనొప్పని చెబితే బయట కూర్చునేవాళ్ళం కదండీ," అంది ఇల్డా మెల్లగా. "నా పెళ్ళిలో నన్ను మీ కాళ్ళ కోసం ఏడిపించారు."

ఆయనకి ఆమె తిట్టినా బాగుండుననిపించింది. సెనోవియో ఆ కాళ్ళని చాలాసేపు చూశాడు.

"మరి దిగిందా నొప్పి?"

"లేదండీ. పెరిగింది."

ముందుగా నవ్వింది ఇల్డాయే. ఆమె అనుమతి అడిగి, ఫాబియాన్ ఆ తడిలోనే వట్టి కాళ్ళతో నిలబడి, పెళ్ళి మొదటి మాట నుంచీ మళ్ళీ జరిపించాడు. బజారు నుంచి వచ్చిన ఎవుఫ్రోనియా బూట్లు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

తర్వాతి శనివారం వచ్చిన పెళ్ళివాళ్ళు ఆయనకి నమస్కారం పెట్టేముందు, వంగి బల్ల కింద చూశారు.