వీధి తిరిగిన జపాను గిన్నె

ఆ ఆదివారం కేశవ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి స్నానం, పదింటికి ఇస్త్రీ చొక్కా, పదకొండింటికి బెంగళూరు నుంచి పద్మప్రియ రాక. ఆమె జపాను పాతకాలపు పింగాణీ, మట్టిపాత్రల గురించి బాగా తెలిసిన మనిషి. కేశవ దగ్గరున్న పదకొండు పాత్రల్లో ఒకటి ప్రదర్శనకు ఎంచుకుని, పక్కన అట్టముక్క మీద అతని పేరు రాయిస్తానని మాటిచ్చింది. బుక్కరాయసముద్రంలో వేరుశనగ విత్తనాలు అమ్ముకునే కేశవకు ఆ అట్టముక్క కావాలి. ఆరేళ్లుగా బెంగళూరు పాతసామాన్ల సంతలో వాటిని ఏరి తెచ్చి, పాత లుంగీల్లో చుట్టి బీరువాలో దాచుకుంటుంటే, భార్య వనజాక్షిది ఒకటే మాట: "తినను పనికిరావు, తాగను పనికిరావు." ఆ మాటను ఆమె ఒక్కసారైనా వెనక్కి తీసుకోవాలి.

అన్నింట్లోకీ అతని ప్రాణం ఒక టీ గిన్నె మీద. బూడిదరంగులో, వంకరగా, కుమ్మరి సగంలో వదిలేసి లేచిపోయినట్టుంటుంది. లోపలి పూత నిండా వెంట్రుకంత సన్నని పగుళ్లు. దాన్ని తుడిచి వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే ఐదు రోజుల తర్వాత కుళాయిలో నీళ్లొచ్చాయి. వనజాక్షి బిందెలు, బకెట్లు, తపేలాలు, చివరికి పాయసం గిన్నెలు కూడా వదలకుండా నింపేసింది. పక్కింటి హనుమక్కకు రోట్లో నూరిన వేరుశనగ పచ్చడి, ఊరుబిండి, పంపాలని గుర్తొచ్చేసరికి ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్కటే.

"వనజా, ఈడ పెట్టిన గిన్నె యాడ?"

"హనుమక్కకు ఊరుబిండి పంపినా దాంట్లో."

"దాంట్లోనా!"

"మరేం చేయల్ల? అన్నిట్లో నీళ్లే ఉండాయి. ఆరేండ్లకు ఒక పనికొచ్చింది, సంతోషపడు."

కేశవ తడి తువ్వాలుతోనే పరిగెత్తాడు. కానీ నీళ్లు హనుమక్క ఇంట్లోనూ వచ్చాయి. ఆమె ఊరుబిండి కంచంలోకి తీసుకుని, నీళ్లు దండగని గిన్నెను గుడ్డతో తుడిచి, రాగిజావ పోసి ఎదురింట్లో జ్వరంతో ఉన్న జాకబ్ సారుకు పంపేసింది.

"ఏమప్పా కేశవా, ఒక వంకర గిన్నెకు ఇట్లా పరిగెత్తొస్తివే! ఇంట్లో అంత కష్టంగా ఉండాదా?"

"కష్టం కాదక్కా, అది జపానుది."

"చెప్పుకోను నామోషీ పడతాండావు, నాకు తెలీదా?" అంటూ ఆమె ఒక తపేలాలో నీళ్లు బకెట్లోకి వంచి, ఆ తపేలాను అతని చేతిలో పెట్టింది. వద్దనేలోగా కళ్లు తుడుచుకుంది కూడా.

అతనికంటే కబురు ముందు నడిచింది. వానల్లేక విత్తనాల అంగడి మూతపడిందనీ, కేశవ ఇంట్లో గిన్నెలు కూడా మిగల్లేదనీ జాకబ్ సారు అప్పటికే విన్నాడు. దుప్పటి కప్పుకునే లేచొచ్చి రెండు కంచాలు, ఒక చెంబు ఇచ్చాడు. గిన్నె మాత్రం అక్కడ లేదు. ఆయన భార్య పుష్పావతి దాన్ని తుడిచి, చింతాకు పప్పు పోసి వీధి చివర గంగాదేవికి పంపింది. గంగాదేవి ఇంటికి తాళం.

చేతుల నిండా స్టీలు సామానుతో, తువ్వాలు జారకుండా మోచేత్తో అదుముకుంటూ కేశవ ఇల్లు చేరేసరికి, చెప్పిన వేళకంటే ముందే వచ్చిన పద్మప్రియ కారు గుమ్మం ముందు ఆగి ఉంది. లోపల వీధి వీధంతా వనజాక్షిని ఓదారుస్తోంది. కేశవ కష్టాల కబురు విన్న గంగాదేవి పప్పును గిన్నెతో సహా అక్కడికే తెచ్చింది. పద్మప్రియ గిన్నె అందుకుని పప్పు కంచంలోకి వంచింది. లోపలి పగుళ్ల వెంట ఊరుబిండి నూనె ఎర్రగా, పప్పు పసుపుపచ్చగా పాకి, వలలా మెరుస్తున్నాయి. కేశవకు ఏడుపొచ్చింది.

"కేశవగారూ, మీరు పంపిన ఫొటోలో ఇది ప్రాణం లేని గిన్నె. ఇలాంటివి చేతులు మారాలి, వాడకంలో రంగెక్కాలి. నాకు ఇదే కావాలి. దీన్ని వాడేది ఎవరు? ఆ పేరే రాయిస్తాను."

ఒక్క అబద్ధమాడితే అట్టముక్క అతనిది. కేశవ చేతుల్లోని తపేలా వైపు చూశాడు. ఐదు రోజులకు నీళ్లొచ్చిన పూట, లేని కష్టానికి జాలిపడి నిండిన తపేలా వంచి ఇచ్చిన మనుషులు చుట్టూ ఉన్నారు. వాళ్ల ముందు అబద్ధం నోట రాలేదు.

"నేను కాదమ్మా. నేను బీరువాలో పెట్టినా, అంతే. వాడింది వనజాక్షి. అదీ ఈ పొద్దే."

వనజాక్షి మొగుణ్ని తేరిపార చూసింది. "తినను పనికొస్తాదిలే" అంది మెల్లగా.

పద్మప్రియ పుస్తకంలో వనజాక్షి పేరు రాసుకుంది. కేశవ గిన్నెను లుంగీలో చుట్టబోతుంటే వనజాక్షి చప్పున లాక్కుంది. "ఖాళీగా పంపితే ఏం బాగుంటాది?" అని మిగిలిన ఊరుబిండి దాంట్లో వేసి, అరిటాకు కట్టి ఇచ్చింది.

నెల తర్వాత గిన్నె బెంగళూరు నుంచి పదిలంగా తిరిగి వచ్చింది, నిండా మైసూరుపాకుతో.