కార్డు పట్టని పెట్టెకు జేజేలు

చిన్న కంప్యూటర్ పెట్టెలో గ్రాఫిక్స్ కార్డు పట్టకపోవడాన్ని మించిన అదృష్టం మగవాడి జీవితంలో మరొకటి లేదు! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

కార్డంటే పర్సులో పెట్టుకునేదనుకునే అమాయకులకు ఒక మాట. కంప్యూటర్‌లో బొమ్మల పనంతా చూసుకునే భాగం ఇది. ఫ్యాన్లూ రేకులూ కలుపుకొని ఇటుకంత ఉంటుంది. పెద్ద పెట్టె కొన్నవాడు దీన్ని ఒక్క పూటలో బిగించేసి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాడు. పాపం, వాడికి బతుకులో ఇంకేం మిగిలింది?

మా ఆవిడ గదుల లోపలి అలంకరణ గీస్తుంది. ఇంకా కట్టని గదిలో మనం తిరుగుతున్నట్టే కంప్యూటర్‌లో చూపిస్తుంది. ఈమధ్యే ఆఫీసు మానేసి సొంతంగా మొదలుపెట్టింది. ఒక హోటల్ యజమాని తన గదులు గీసిమ్మని మొదటి పని అప్పగించాడు. నచ్చితే ఆయన మిగతా హోటళ్ళ పనీ ఆవిడకే. మా పాత కంప్యూటరేమో ఒక మంచం, రెండు కుర్చీలు చూడగానే స్పృహ తప్పుతోంది. త్వరగా కొత్తది కావాలని అడిగింది. అంతా నాకొదిలెయ్యమన్నాను.

నా షరతు ఒక్కటే. కంప్యూటర్ హాల్లో టీవీ కింది గూట్లో ఇమడాలి. ఇంటికొచ్చినవాళ్ళ కంట పడకూడదు. గూడు కొలిచి, ముద్దులొలికే బుల్లి పెట్టె కొన్నాను. షాపాయన ఇంకాస్త పెద్దది తీసుకోమని నసిగాడు. కంప్యూటర్లు అమ్ముకునేవాడికి ఇంటి అందం గురించి ఏం తెలుస్తుంది?

అక్కడ మొదలైంది నా స్వర్ణయుగం! మొదటి కార్డు పొడవెక్కువై సగం బయటే ఉండిపోయింది. మార్చాను. రెండోదాని పొడవు కుదిరింది, లావు కుదరలేదు. లావు కూడా కొలవాలని ఎవరికి తడుతుంది చెప్పండి? మూడోది అన్నివిధాలా కుదిరి బుద్ధిగా లోపల కూర్చుంది. తీరా కరెంటు వైరు గుచ్చాక, ఆ వైరు వంగడానికి చోటులేక మూత పడలేదు. మళ్ళీ షాపు, మళ్ళీ వెతుకులాట!

దీనివల్ల ఎన్ని లాభాలు! పలకరింపులే లేని బావమరిదీ నేనూ ఇప్పుడు మిల్లీమీటర్ల గురించి రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. ఆఫీసులో టీ దగ్గరికి నేను వస్తున్నానంటే చాలు, అందరూ మర్యాదగా లేచి వెళ్ళిపోతున్నారు. రివ్యూ వీడియోలు చూసీ చూసీ, ఏ ఫ్యాను ఏ కంపెనీదో చప్పుడు విని చెప్పేస్తున్నాను.

ఇంటి సంగతి చెప్పనే లేదు. పాత కంప్యూటర్‌లో ఒక్క గది బొమ్మ తయారయ్యేలోపు మా ఆవిడ వంట చేసి, గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, మడతలు కూడా పెట్టేస్తోంది. ఇల్లు ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదు! పెద్ద కార్డులున్న ఇళ్ళలో ఈ సుఖం ఉందా?

ఒకరోజు ఆవిడ టేపు పట్టుకుని నా గదిలోకి వచ్చింది. నేను ఈ కాలమ్ రాసుకునే గది. రాయడానికో బల్ల, పుస్తకాలకో బల్ల, ఆలోచించడానికి ఒక వాలుకుర్చీ, అంతే.

"కార్డు కొలిచారు, పెట్టె కొలిచారు, గూడు కొలిచారు. ఈ గది కూడా కొలవండి. పెద్ద పెట్టె తెచ్చుకుని ఆ మూల కూర్చుంటాను" అంది.

నా గదిలోనా! ఫ్యాన్ల హోరులో నా ఆలోచనలు ఏమైపోవాలి? రచనకు కాస్త ఖాళీ స్థలం అవసరమని ఓపిగ్గా వివరించాను. ఆవిడ టేపు చుట్టేసి వెళ్ళింది. నాలుగో కార్డు ఆర్డరు పెట్టాను.

నిన్న అది వచ్చింది. పట్టింది! వైరు వంగింది, మూత పడింది, పెట్టె గూట్లోకి జారిపోయింది. ఆనందం పట్టలేక ఆవిడను పిలిచాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"బాగుందండీ. హోటల్ పని వేరేవాళ్ళకి ఇచ్చేశారట. పాత ఆఫీసుకి ఫోన్ చేశాను, సోమవారం నుంచి రమ్మన్నారు" అంది.

మనసు చివుక్కుమంది. కాకపోతే ఆ కార్డు గూట్లో కాస్త వేడెక్కుతోంది. ఇక ఆవిడకు తొందరేం లేదు కనుక, ఈసారి నిదానంగా చూసి మంచిది ఎంచుకోవచ్చు.