పల్చటి టీవీ

ఆ పొద్దున దర్జీ పెట్టుకున్న పని చాలా చిన్నది. టీవీ కొనడం. ఇందులో ఏముంది, వెళ్లి తెచ్చుకోవడమేగా అనుకునేవాళ్లకి ఈ దర్జీ సంగతి తెలియదు. నెల రోజులుగా ఆయన మెడలో టేపు వేసుకుని ఊళ్లోని షోరూములన్నీ చుట్టబెడుతున్నాడు. టీవీని మూల నుంచి మూలకి కొలుస్తారని తెలిసినప్పుడు అక్కడి కుర్రాళ్లతో పెద్ద గొడవే పెట్టుకున్నాడు. "మనిషిని ఎడమ భుజం నుంచి కుడి మోకాలికి కొలిస్తే చొక్కా కుదురుతుందా?" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ప్రతి టీవీ ముందూ ముక్కు ఆనించి నిలబడి, అందులో వార్తలు చదివేవాళ్ల కోట్లు చూసి, "కుట్లు కనిపించడం లేదే! కుట్టు కుట్టూ కనిపించే టీవీ లేదా?" అని అడిగేవాడు.

ఆయన బాధ వాళ్లకేం తెలుసు! ఆయన ఒక్కగానొక్క కూతురు వేరే ఊళ్లో ఒక వార్తా చానల్లో పని చేస్తోంది. ఇన్నాళ్లూ తెర వెనక వార్తలు రాసేది. తెర మీదికి పిలుపు వస్తే వేసుకోవడానికని దర్జీ ఆమెకో నీలం కోటు కుట్టి పంపాడు. దాని ఎడమ భుజం మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టాడు. పెళ్లికొడుకుల సూట్లకి కూడా అంత కష్టపడలేదు. కూతురు ఆ కోటులో కూర్చుని వార్తలు చదువుతుంటే చూడాలి, ఆ భుజం ఎలా కూర్చుందో చూడాలి. అంతకుమించి ఆయనకి కోరికలంటూ ఏమీ లేవు.

ఆ పొద్దున ఫోను మోగింది.

"నాన్నా, చదివే ఆవిడకి గొంతు పోయింది. సాయంత్రం ఆరింటి వార్తలు నేనే చదువుతున్నా. నీ కోటే వేసుకుంటున్నా!"

దర్జీ ఫోను పెట్టేసి చుట్టూ చూశాడు. ముందు గదిలో కుట్టుమిషను పక్కన ఉన్న పాత బుల్లి టీవీలో వార్తలు చదివేది ఆడో మగో గొంతు విని చెప్పుకోవాల్సిందే. దాంట్లో భుజాలేం కనిపిస్తాయి? ఇవాళ టీవీ కొని తీరాలి.

కానీ దర్జీకో నియమం ఉంది. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు కాగితం మీద పెట్టాలి. టీవీ కదా అని నియమం తప్పుతాడా? నల్ల కాగితం పరిచి, యాభై అయిదు అంగుళాల టీవీ ఎంత పొడుగు, ఎంత వెడల్పు ఉంటుందో అంతకే కత్తిరించాడు. అంచుల చుట్టూ వెండిరంగు పట్టీ అతికించాడు. దాన్ని నడవ గోడకి తగిలించి చూస్తున్నాడు.

ఆస్పత్రిలో నర్సుగా పొద్దుటి డ్యూటీకి బయల్దేరుతున్న భార్య గుమ్మంలో ఆగింది. "ఏమండీ, మీరిలా కాగితాలు కత్తిరిస్తూ కూచుంటే వార్తలు కూడా అయిపోతాయి. ఏదో ఒకటి తెచ్చిపడేయండి."

"గోడకి కుదరాలి కదే!"

"గోడేమన్నా బొత్తాలు పెట్టుకుంటుందా?" అని, గోడ వంక చూడకుండానే వెళ్లిపోయింది.

ఆమె అటు వెళ్లగానే పై అంతస్తు డ్రిల్లు మాస్టారు ఇటు వచ్చాడు. రిటైరైనా ఆయన గొంతుకి మాత్రం రిటైర్మెంటు లేదు. కుట్టడానికిచ్చిన ప్యాంటు కోసం వచ్చినవాడు గోడ చూసి నిలబడిపోయాడు. కళ్లజోడు బాగుచేయడానికిచ్చి రెండు రోజులైంది.

"ఓరి నీ దుంపతెగ! వచ్చేసిందా!"

దర్జీ నోట్లో అరడజను గుండుసూదులున్నాయి. "ఊఁ" అన్నాడు. ఉండండి, చెప్తాను అని దాని అర్థం. మాస్టారికి అది ఒప్పుకోలులా వినబడింది. పక్కకి వెళ్లి, ఒక కన్ను మూసి చూశాడు.

"అబ్బబ్బ! ఎంత పల్చగా ఉందయ్యా! గోడకి అతికించినట్టే ఉంది. నెలరోజులు తిరిగితే తిరిగావు గానీ, సరుకంటే ఇదీ!"

దర్జీ సూదులు తీశాడు. నిజం నాలిక చివర దాకా వచ్చింది. కానీ నెల్లాళ్లుగా 'నీ టీవీ వచ్చేలోపు నాకు చూపు పోతుందిలే' అని అందరి ముందూ ఎగతాళి చేసిన మనిషి, ఇవాళ భుజం తట్టి మెచ్చుకుంటున్నాడు. మధ్యాహ్నానికి ఎలాగూ అక్కడ అసలు టీవీయే ఉంటుంది, అప్పుడు ఈ అబద్ధం దానంతటదే నిజమైపోతుంది కదా అనుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఆరింటికి మా అమ్మాయి వార్తలు చదువుతోంది మాస్టారూ" అన్నాడు.

"మన పిల్లా! అయితే బిల్డింగంతా ఇక్కడే! నేను చూసుకుంటాగా!" మెట్లెక్కుతూనే మాస్టారు టముకు మొదలెట్టాడు.

దర్జీ షోరూముకి పరిగెత్తాడు. నెల రోజులు తేలని సంగతి కాసేపట్లో తేలిపోయింది. నాలుగు గంటలకల్లా ఇంటికి తెచ్చి బిగిస్తామన్నారు. డబ్బు సర్ది కట్టి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేసరికి, మిషను పక్కన ఉండాల్సిన పాత టీవీ లేదు. నడవలో, డ్యూటీ నుంచి వచ్చిన భార్య తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. గుడ్డంతా నలుపు.

"ఏమండీ, కొత్త టీవీ తుడుద్దామని గుడ్డ పెట్టాను. టీవీ గుడ్డకొచ్చేసింది."

"పాతదేదే?"

"గేటు దగ్గరే మాస్టారు చెప్పారు, కొత్తది గోడకి పెట్టేశారని. వాచ్‌మన్ భార్యకి ఎప్పుడో మాటిచ్చాను కదా. లోపలికి రాకముందే పిలిచి, తీసుకెళ్లమన్నాను. తర్వాత ఇటొస్తే ఇదీ!"

"వెళ్లి అడుగు!"

"ఇచ్చింది తిరిగి అడుగుతారా ఎవరైనా? ఆవిడ మొహం చూడాల్సింది, ఎంత సంబరపడిందో! కావాలంటే మీరే అడగండి."

 అడగడానికి దర్జీకీ మొహం చెల్లలేదు. నాలుగింటికి ఎలాగూ కొత్తది వస్తుంది కదా అని, తడిసినచోట ఇంకో నల్ల ముక్క అతికించి దాన్ని అలాగే ఉంచాడు.

నాలుగైంది. నాలుగున్నరైంది. దర్జీ కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వీధిలోకీ తిరిగాడు. చివరికి ఆగలేక వీధి మలుపు దాకా వెళ్లి నిలబడ్డాడు. వచ్చిపోయే ప్రతి బండీ తన టీవీ బండిలాగే కనిపిస్తోంది. ఎంతకీ రాకపోయేసరికి ఉసూరుమంటూ వెనక్కొచ్చాడు. గేటు దగ్గర మాస్టారు కుర్చీలు దింపిస్తూ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏమయ్యా, ఇవాళ నేను లేకపోతే నీ పని అయిపోయేది!"

"ఏమైంది మాస్టారూ?"

"అటువైపు సందులోంచి ఒక బండి వచ్చింది. నీ పేరు మీద టీవీ ఉందట! నాకు తెలీదా ఈ మోసాలు? నీకు రెండోది అంటగట్టాలని చూస్తున్నారు. ఒకటి గోడకి వేలాడుతుంటే నేను కళ్లారా చూశానయ్యా అన్నాను. మీ ఆవిణ్ణి పిలుస్తామన్నారు. గేటు దాటితే కాళ్లు విరగ్గొడతానన్నాను. పారిపోయారు!"

దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి. షోరూముకి ఫోను చేశాడు. బండి ఊరి అవతలికి వెళ్లిపోయిందనీ, ఇక రేపు పొద్దున్నేననీ చెప్పారు. మాస్టారిని తిడదామంటే ఆయన తప్పేముంది? పొద్దున ఒక్క ముక్క నిజం చెప్పి ఉంటే సరిపోయేది. అప్పుడు గోటితో పోయేది ఇప్పుడు గొడ్డలిదాకా వచ్చింది.

ఆరు కావస్తోంది. నడవ నిండిపోయింది. పిల్లలు ముందు వరసలో, పెద్దలు కుర్చీల్లో, మిగిలినవాళ్లు గోడలకి ఆనుకుని. అందరి చూపూ నల్ల కాగితం మీదే. "ఆపి ఉంటేనే ఇంత నిగనిగలాడుతోంది, పెడితే ఎలా ఉంటుందో!" అని ఎవరో మురిసిపోయారు. దర్జీ భార్య వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"కానీయవయ్యా! టైమవుతోంది!" అన్నాడు మాస్టారు.

 పరువు సంగతి అప్పుడు దర్జీకి గుర్తే లేదు. అక్కడెక్కడో తన పిల్ల ఆ కోటు గుండీ పెట్టుకుని కూర్చుని ఉంటుంది, నాన్న చూస్తున్నాడనుకుంటుంది. నాన్నేమో కాగితం ముందు నిలబడి ఉన్నాడు. ఏడుపొచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి కాగితం రెండు చేతుల్తో పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

"ఇది టీవీ కాదండీ. కాగితం. కొలత కోసం కత్తిరించాను. నన్ను క్షమించండి."

అందరూ ఖాళీ గోడ వంక చూశారు. అంతలో మెట్ల కింది వాచ్‌మన్ గదిలోంచి ఒక ఆడపిల్ల గొంతు స్పష్టంగా వినిపించింది. "నమస్కారం. వార్తలు చదువుతున్నది..."

"అదే! మా పిల్లే!" అని దర్జీ భార్య అందరికంటే ముందు పరిగెత్తింది. వెనకే బిల్డింగంతా. మనిషి తిరిగితే మంచం తగిలే గదిలో కొందరు దూరారు, మిగిలినవాళ్లు కిటికీకి వేలాడారు. వాచ్‌మన్ భార్య తన స్టూలు దర్జీకి ఇచ్చి, "కూచోండన్నా" అంది. పాత టీవీలో నీలంగా ఒక కోటు, పైన మసక మసగ్గా ఒక మొహం. ఎంత మసకైతేనేం, ఆ తల వంపు ఆయన ఎరగనిదా? పిల్ల తడబడకుండా చదివింది. ఎడమ భుజం చక్కగా కూర్చున్నట్టే ఉంది. దర్జీ కళ్లకి ఆ తర్వాత అదీ కనిపించలేదు, నీళ్లు నిండిపోయాయి. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే అసలు టీవీ వచ్చింది. ఈసారి మాస్టారు తనే దగ్గరుండి గోడకి ఎత్తించాడు. ఆయన కళ్లజోడు కూడా బాగై వచ్చింది. ఇది స్మార్టు టీవీ, నిన్నటి వార్తలు కూడా మళ్లీ చూడొచ్చని బిగించినతను చెప్పి, పెట్టి చూపించాడు. గోడ నిండా కూతురు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. దర్జీ ఆశగా ముందుకి వంగాడు.

కుట్టు కుట్టూ కనిపిస్తోంది. ఎడమ భుజం మీంచి కాలరు దాకా, కోటు కుట్టడం అయిపోయాక పీకేయాల్సిన కచ్చా కుట్టు తెల్లదారం కూడా, మూరెడు పొడుగున, ముగ్గు వేసినట్టు కనిపిస్తోంది. మూడుసార్లు విప్పి కుట్టిన హడావుడిలో దాన్ని పీకడం మర్చిపోయాడు. నిన్న సాయంత్రం ఈ టీవీ ఇక్కడే ఉండి ఉంటే, బిల్డింగంతా వరసగా కూర్చుని ఆ దారమే చూసేది. దర్జీకి ముచ్చెమటలు పోశాయి. భార్య ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే పగలబడి నవ్వింది.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని టీవీని ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసి పెదవి విరిచాడు.

"నిన్నటిదే నయమయ్యా. పల్చగానూ ఉంది, ఇలాంటివేవీ చూపించనూ లేదు."