మంత్రిగారికి నూటికి నూరు

ఆటల ద్వారా దేశ భవిష్యత్తును తీర్చిదిద్దే మహత్తర సదస్సును క్రీడామంత్రిగారు ప్రారంభిస్తారనీ, అంతటితో ఆగక అందులో స్వయంగా పోటీపడతారనీ సోమవారం ఉదయం ప్రకటన వెలువడింది. దాన్ని రాసినవాడు మంత్రిగారి పీఏ. పద్నాలుగేళ్లుగా ఆయన వెన్నంటి ఉంటూ, ఏ పోటీలోనూ ఆయన ఓడిపోకుండా కాపాడుకొస్తున్న మనిషి. మంత్రిగారు విసిరిన బంతికి ఛాంపియన్లు అవుటయ్యారు. ఆయన నాలుగడుగులు నడిస్తే పరుగు పందెగాళ్లు ఆయాసపడి ఆగిపోయారు. ఇవన్నీ ఊరికే జరగవు, వెనక ఎంతో కృషి ఉంటుంది.

నిజానికి అది విశ్వవిద్యాలయం వారు పెట్టుకున్న బిహేవియరల్ గేమ్ థియరీ వర్క్‌షాపు. మనుషులు ఎదుటివాణ్ణి ఎంతవరకు నమ్ముతారో, ఎప్పుడు మాట తప్పుతారో లెక్కగట్టే శాస్త్రం అది. అనుమతి కాగితంలో ‘గేమ్’ అన్న మాట కనబడటంతో ఫైలు తిన్నగా క్రీడాశాఖకు వెళ్లింది. ఆ పక్కనున్న మాట చదివే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

వర్క్‌షాపు నడిపే ప్రొఫెసరమ్మ ఆరేళ్లుగా ఒక చిన్న ప్రయోగశాల కోసం కాళ్లరిగేలా తిరుగుతోంది. ఆ ‘గేమ్’ పుణ్యాన ఆ ఫైలు కూడా క్రీడాశాఖకే చేరి, ఇక మంత్రిగారి సంతకం ఒక్కటే మిగిలింది. అందుకని పీఏ వచ్చి, సార్ ఆడటానికి ఏదైనా ఆట చూడమని అడిగినప్పుడు ఆమె కాదనలేకపోయింది. ఉన్నవాటిలో తేలికైన ఆట చెప్పింది. హాల్లో ఉన్నవాళ్లందరూ సున్నా నుంచి నూరు వరకు ఒక అంకె చీటీ మీద రాయాలి. అన్నిటి సగటు తీసి, అందులో మూడింట రెండు వంతులకు ఎవరి అంకె దగ్గరగా ఉంటే వారే విజేత.

“సరైన జవాబెంత మేడమ్?” అన్నాడు పీఏ, పెన్ను తీసి.

“మిగతావాళ్లు ఏం రాస్తారన్నదాన్ని బట్టి ఉంటుందండీ.”

“అయితే మిగతావాళ్లతో మాట్లాడితే సరిపోతుంది.”

మంత్రిగారిని అడిగితే నూరు రాస్తానన్నారు. బడిలో ఎలాగూ తెచ్చుకోలేకపోయాను, ఇప్పుడైనా రాసుకోనీ అన్నారు. ఆ అంకెతో గెలవటం కుదరదని ప్రొఫెసరమ్మ చెప్పేసరికి, ఇంకేదైనా దారి చూడమని పీఏ బతిమాలాడు. ఆమె జాలిపడి, ఒకవేళ అందరూ నూరే రాస్తే అందరూ సమానంగా గెలిచినట్టేనని కూడా చెప్పింది. పీఏ వెంటనే తేరుకుని, సమానంగా వచ్చినప్పుడు హోదాను బట్టి విజేతను నిర్ణయించాలన్న నిబంధనను లెటర్‌హెడ్ మీద టైపు చేయించి తెచ్చాడు.

ఇక మిగిలింది ఎనభై రెండు మంది ప్రతినిధులు. పీఏ టీ విరామంలో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మాట్లాడాడు. నమ్మకం మీద మూడు పుస్తకాలు రాసిన పెద్దాయన, మీరు అడగకపోయినా నూరే రాసేవాణ్ణని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒక పరిశోధకురాలు మాత్రం ఇది శాస్త్రానికి అన్యాయం కాదా అని సందేహపడింది. మంత్రిగారితో ఫొటోలో ముందు వరుసలో నిలబెడతానన్నాక ఆ సందేహం తీరింది. కాదన్నవాడు ఒక్కడూ లేడు. చదువుకున్నవాళ్లలో ఇంత క్రమశిక్షణ ఉంటుందని పీఏ కలలో కూడా అనుకోలేదు.

పేర్లు రాయనక్కర్లేదంటూ చీటీలు పంచారు. లెక్క సరిపోవాలని పీఏకి కూడా ఒకటి ఇచ్చారు. మంత్రిగారు అందరికీ కనబడేలా పెద్దగా నూరు రాశారు. పీఏ కూడా రాయబోయి ఆగాడు. అందరూ నూరు రాస్తున్నారు. ఆ లెక్కన అందులో మూడింట రెండు వంతులు, అంటే అరవై ఆరు, రాసినవాడు ఒక్కడే గెలుస్తాడు. పద్నాలుగేళ్లుగా ఇంకొకరి షీల్డులు మోస్తున్న చేతులవి. పేరు ఎలాగూ ఉండదు. ఒక్కసారి గెలిచిన సంగతి తనకొక్కడికి తెలిస్తే చాలు. అరవై ఆరు రాసి, నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వేశాడు.

ప్రొఫెసరమ్మ చీటీలు విప్పి బోర్డు మీద రాయసాగింది. మొదటిది అరవై ఆరు. రెండోదీ అదే. మూడోదీ అదే. పదో చీటీ దగ్గర పీఏ చొక్కా పైగుండీ విప్పుకున్నాడు. నమ్మకం మీద పుస్తకాలు రాసిన పెద్దాయన పైకప్పు పరిశీలిస్తున్నాడు. మొత్తం విప్పాక తేలింది, అరవై ఆర్లు ఎనభై మూడు, నూరు ఒక్కటే.

ఆమె పీఏ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, “ఎనభై మూడు మంది గెలిచారండీ. ఓడింది ఒక్కరే” అంది. ఇంత మంచి ఫలితం తన సర్వీసులో చూడలేదని కూడా చెప్పింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

పీఏ మైకు అందుకున్నాడు.

“మంత్రిగారికి నూటికి నూరు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్నవారికి అరవై ఆరు.”

హాలంతా లేచి నిలబడింది. ఎనభై మూడు మందీ పక్కవాణ్ణి అనుమానంగా చూస్తూ, పక్కవాడి కంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. మంత్రిగారు షీల్డు అందుకుని, ఆ ఊపులో ప్రయోగశాల ఫైలు మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు.

కార్లో కూర్చున్నాక ఆయన కాసేపు బోర్డు గురించే మాట్లాడారు. నూరు నాకు వదిలేసి, అందరూ కూడబలుక్కున్నట్టు ముప్పై నాలుగు తగ్గించి రాశారు చూశావా, గౌరవమంటే అదీ అన్నారు. పీఏ అవునన్నాడు. తర్వాత మంత్రిగారు కిటికీలోంచి చూస్తూ, వచ్చేవారం జరిగే పార్టీ నాయకుడి ఎన్నిక ప్రస్తావన తెచ్చారు. చేతులెత్తించే లెక్కపెట్టాలని ఇన్నాళ్లూ ఆయన పట్టుబడుతున్నారు, ప్రత్యర్థి మాత్రం రహస్య ఓటు కావాలంటున్నాడు.

“ఒప్పుకున్నామని చెప్పెయ్. మనవాళ్లందరూ నా చేతిలో చెయ్యేసి మాటిచ్చారు. ఇంక భయమెందుకు?”

“అలాగే సార్.”

ఆయన్ను ఇంటి దగ్గర దింపి, పీఏ కారు పక్కన నిలబడే పార్టీ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. తర్వాత కాసేపు ఆలోచించి, పద్నాలుగేళ్లుగా పలకరించని ప్రత్యర్థి పీఏ నంబరు వెతికి పట్టుకున్నాడు. అవతల ఫోన్ ఎత్తగానే, పిల్లలు బాగా చదువుకుంటున్నారా అన్నయ్యా అని ఆప్యాయంగా మొదలుపెట్టాడు.

అంతకుముందు లైను కలవటానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఆ నంబరు పొద్దుటి నుంచీ బిజీగానే ఉందట.