జనరల్ గారి కుర్చీ వెనక తలుపు

యుద్ధం చెయ్యాలా వద్దా అన్నది ఒక్క మనిషి నిర్ణయించడమే తల్లుల ఆరోగ్యానికి మంచిది! కాదనేవాళ్ళు ఒకసారి నది అవతలి దేశం వెళ్ళి, అక్కడి ఆడవాళ్ళ ముఖాలు చూసి రండి.

అక్కడ పార్లమెంటు ఉంది. యుద్ధం మాట వస్తే చాలు, నెలల తరబడి వాదించుకుంటారు. ఇవాళ ఉందంటారు, రేపు లేదంటారు, ఎల్లుండికి కమిటీ వేస్తారు. అన్నాళ్ళూ కన్నతల్లులకు ముద్ద దిగుతుందా? కన్ను మూతపడుతుందా? నాలాంటిదైతే ఆ కమిటీ కాఫీ తాగి లేచేలోపే పోతుంది! పిల్లవాడు తుమ్మితే న్యుమోనియా అనుకుంటాను. తుమ్మకపోతే ఊపిరి ఆగిందేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను.

మన దగ్గర ఆ హింస లేదు. పొద్దున్నే రేడియోలో బ్యాండు వాయించారా, యుద్ధం వచ్చినట్టే. కంగారు పడటానికి టైమేదీ? నేరుగా ఏడవడమే!

విదేశాంగ విధానమూ అంతే. కిందటేడు మన దేశాన్నేలే జనరల్ గారికి పన్ను సలిపి ఒక దేశంతో తెగతెంపులు చేసుకున్నాం. పన్ను పీకించారు, మళ్ళీ భాయీభాయీ. ఒక్క డెంటిస్టు సాధించిన శాంతిని ఎన్ని సమితులు సాధించగలవు చెప్పండి?

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? మా తమ్ముడు ఫెర్మిన్ విదేశాంగ ఉపమంత్రి. అధ్యక్ష భవనానికి ఎదురిల్లు మాది. సమావేశం ముగియగానే వాడు మా బాత్రూముకే పరిగెత్తుకొస్తాడు.

మొన్న మంగళవారం అలాగే ఊడిపడ్డాడు.

“అక్కా, అడ్డు లే! మాటలు తర్వాత!” అంటూ లోపలికి దూరి తలుపేసుకున్నాడు.

“మళ్ళీ మాతె దంచావా?” అన్నాను బయటనుంచి.

“నేను దంచడమేమిటి? ఆయన పోస్తుంటే ఆపేదెవరు?”

నిజమే పాపం. మాతె అంటే చేదాకు కషాయం. ఒకే సొరకాయ బుర్ర, ఒకే గొట్టం, వరసగా అందరూ పీల్చాలి. ‘థాంక్స్’ అనే దాకా పోస్తూనే ఉంటారు. ఎందుకంటే మన దేశంలో మాతె దగ్గర థాంక్స్ అంటే ‘ఇక చాలు’ అని. మరి స్వయానా జనరల్ గారి ముఖం మీద ‘ఇక చాలు’ అనగలిగే మొనగాడెవడు?

“ఉన్నాడొకడు!” అన్నాడు తమ్ముడు లోపలినుంచి. “నది అవతలి రాయబారి. మొదటి బుర్ర అందిస్తే మర్యాదకు ‘థాంక్స్’ అన్నాడు.”

“తాగకముందేనా?”

“తాగకముందే! కాఫీ తాగే జాతి, వాడికేం తెలుసు? జనరల్ గారి ముఖం కందగడ్డయింది. ‘మన స్నేహం వీళ్ళకు చాలట! అయితే యుద్ధమే’ అన్నారు.”

మా అబ్బాయి సెల్సోని సైన్యంలోకి లాక్కుపోయి ఆ నది గట్టునే కాపలా పెట్టారు. జలుబు శరీరం. ఈత రాదు. మునుగుతాడేమోనన్న భయంతో నేనే నేర్పించలేదు.

“ఒరేయ్, ఆ రాయబారి తెలియక అన్నాడని చెప్పకపోయావా?”

“అంటే జనరల్ గారు పొరబడ్డారని చెప్పాలా? భలేదానివే!”

“పోనీ, కాస్త ఆలోచిద్దామనొచ్చుగా!”

“ఆలోచిస్తే ఇంకో గంట కూర్చోవాలి తల్లీ! అప్పటికే ఆర్థికమంత్రి కాళ్ళు మెలేసుకున్నాడు. నౌకాదళాధిపతికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ‘ఏమంటారు?’ అని ఆయన అడగ్గానే అందరం ఒక్కసారి లేచి ‘తక్షణమే!’ అని అరిచాం. మా దేశభక్తికి ఆయన కళ్ళు చెమర్చాయి.”

“అంత భవనంలో బాత్రూం లేదట్రా?”

“ఉంది. దాని తలుపు ఆయన కుర్చీ వెనక. ఆయన వీపు వెనక్కి వెళ్తే కుట్రే. వ్యవసాయ మంత్రి చేతులు కడుక్కుందామని వెళ్ళాడు. ఇప్పుడు జైల్లో కడుక్కుంటున్నాడు.”

చూశారా, ఎంత కట్టుదిట్టమైన ప్రభుత్వమో!

“దాడి ఎప్పుడు?” అన్నాను.

“శనివారం. శుక్రవారం ఇంకోసారి కూర్చుంటాం.”

“గట్టు మీద సెల్సో ఉన్నాడురా.”

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

“మన సెల్సోనా?” అన్నాడు. “వాడికి ఈత రాదు కదే!”

పాఠకులారా, అందుకే ఈ పత్రికాముఖంగా జనరల్ గారికి ఒక్క మనవి. అయ్యా, పార్లమెంటు కావాలని అడగను, అంత దురాశ లేదు. ఓటూ వద్దు. తమ నిర్ణయాన్ని తప్పుపట్టేంత చదువూ నాకు లేదు. శుక్రవారం లోపు ఆ బాత్రూం తలుపు మాత్రం పక్క గోడకు మార్పించండి. మంత్రులు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి గడియ వేసుకుని రెండు నిమిషాలు కూర్చుంటారు. ఎంతటి మంత్రికైనా అక్కడ ఒంటరిగా కూర్చుంటే మేనల్లుడు గుర్తొస్తాడు.