డబ్బా పోవాలి

“డబ్బా పోవాలండీ” అన్నారు ఫోన్లో అవతలివైపు నుంచి. “అబ్బాయి పోవాలండీ” అని వినబడింది ఇవతలివైపు. రెండింటికీ మధ్య ఉన్న తేడాని వంటింట్లో గిర్రున తిరుగుతున్న మిక్సీ నమిలి మింగేసింది.

ఇవతల ఉన్నాయన టీవీ సీరియల్ రచయిత. స్టూడియోలో అందరూ ఆయన్ని కుండపోత గారు అంటారు. తన సీను చూసి ఇంటిల్లిపాదీ కుండలకొద్దీ ఏడవకపోతే ఆయనకి అన్నం సహించదు. ఆ పొద్దున ఆయన పెట్టుకున్న పని మాత్రం చాలా చిన్నది, పైగా సంతోషకరమైనది. సీరియల్లో పసివాడికి మొదటి పన్ను రావాలి. పన్ను అంటే కట్టేది కాదు, మొలిచేది. అది రాసేసి ఓ కునుకు తీద్దామనుకున్నాడు. పన్ను సగం మొలిచేసరికి ఫోను మోగింది.

ఫోను చేసినాయన ఛానెల్లో నిబంధనల అధికారి. ఏది చూపించవచ్చో, ఏది చూపించకూడదో తేల్చడం ఆయన ఉద్యోగం కాబట్టి కత్తెర అన్న పేరు స్థిరపడిపోయింది. సీరియల్లో పసివాడి తల్లికి పాలు పడలేదని, అత్తగారు ఆమెని మాటలతో పొడుస్తోందని కొంతకాలంగా కథ నడుస్తోంది. అదను చూసి ఒక పాలపొడి కంపెనీ అందులో దూరింది. కంపెనీలు తమ డబ్బా తాము కొట్టుకోవడం కొత్తేం కాదు, పరాయివాళ్ళ కథలో దూరి కొట్టుకోవడమే కొత్త. బల్ల మీద డబ్బా, కిటికీలో డబ్బా, అత్తగారి చంకలో డబ్బా. తల్లి పాత్ర కన్నా ఆ పాలపాత్రకే ఎక్కువ క్లోజప్పులు. పసిపిల్లల పాలపొడికి టీవీలో ప్రకటన వేయకూడదని నిబంధన. ప్రకటనగా పోయడానికి వీల్లేనిదాన్ని కథలో కలిపి పోసేస్తున్నారని ఛానెల్ పెద్దలకి ఆలస్యంగా తెలిసింది.

“పైనుంచి ఆర్డరండీ” అన్నాడు కత్తెర.

“అప్పుడే పైనుంచి పిలుపొచ్చేసిందా?” అన్నాడు కుండపోత కలం కింద పెట్టి.

“వచ్చేసింది. దాని పాత్ర ఇంతటితో సరి.”

పిల్లవాణ్ణి పట్టుకుని ‘దాని’ అంటాడేమిటని కుండపోతకి చివుక్కుమంది. పసిబిడ్డ కదా, అలాగే అంటారులే అని సరిపెట్టుకున్నాడు.

“పోనీ, జబ్బుతో పోనిద్దామా?”

“డబ్బుతో పనేముందండీ. ఎంతిచ్చినా కుదరదు.”

“అయితే హఠాత్తుగానా?”

“హఠాత్తుగానే. పొద్దున ఉంది, సాయంత్రానికి లేదు. అంతే. తర్వాత ఎవరూ దాని ఊసెత్తకూడదు.”

“తల్లి కూడానా?”

“ముఖ్యంగా తల్లి.”

ఫోను పెట్టేసి కుండపోత కుర్చీలో కూలబడ్డాడు. మిక్సీ ఆగింది. భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి “ఎవరండీ ఫోన్లో?” అంది.

“యముడు. మన బుడ్డోణ్ణి పంపించెయ్యమంటున్నాడు.”

“అయ్యో, పన్నయినా రానివ్వలేకపోయారా” అంది ఆవిడ.

కుండపోతకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. పాలుపోక గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి పోతపాలు తాగే పిల్లవాణ్ణి పోయినవాడిగా మార్చి, కుండపోతగా రాసి పారేశాడు.

స్టూడియోలో దుస్తుల గది తెరిచీ తెరవగానే వచ్చేది లైట్లవాళ్ళు కాదు, కోడలు. సీరియల్లో ఆమెది కోడలి వేషం, అందుకని అందరికీ ఆమె కోడలే. మేకప్‌కి ఇంకా వేళ కాకుండానే వచ్చి, దుస్తుల గదిలో కుట్టుమిషను పక్కన గుడ్డ ఉయ్యాలలో ఉన్న బుడ్డోణ్ణి తీసుకుంటుంది. బుడ్డోడు అక్కడ బట్టలు కుట్టే టైలరమ్మ కొడుకు. కెమెరా తిరిగినంతసేపూ కోడలి కొడుకు. టైలరమ్మ జాకెట్టు చేతులు బిగిస్తుంటే కోడలు వాడి చేతులు విప్పి వేళ్ళు లెక్కపెడుతూ ఉంటుంది.

ఆమెకీ ఒక కొడుకు పుట్టాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి రాలేదు. సీరియల్లో ఆమెకి బిడ్డ ఉన్నాడు, పాలు లేవు. ఇంట్లో అప్పుడు పాలొచ్చాయి, బిడ్డ లేడు. స్టూడియోలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఆ మాట ఎత్తదు, బుడ్డోణ్ణి మాత్రం ఎత్తుకుంటే దించదు.

ఆ కాగితాలు దర్శకుడు రెండుసార్లు తిరగేశాడు. ఆయనకి రోజంతా నోట్లో ఆడేది ఒక్కటే మాట, రీటేక్. అదే ఆయన పేరు కూడా అయిపోయింది.

“గురువుగారూ, వీడు పోతాడా?” అన్నాడు చివరికి.

“పైనుంచి ఆర్డరు నాయనా.”

“రేటింగు బాగానే ఉంది కదండీ.”

“పైవాడికి మన రేటింగుతో పనేముంది.”

కబురు సెట్టు దాటింది. ‘సాయంత్రం సీన్లో పిల్లాడు పోతాడు’ అన్న మాట మేకప్ గదిలో సీను పోగొట్టుకుంది, మెట్ల దగ్గర సాయంత్రం పోగొట్టుకుంది, క్యాంటీన్‌కి చేరేసరికి పిల్లాడు పోవడం ఒక్కటే మిగిలింది. క్యాంటీనాయన పొయ్యి ఆర్పేసి, తుండుతో కళ్ళొత్తుకుంటూ దుస్తుల గదికి పరుగెత్తాడు.

“ఏంటి తల్లీ, పోయాడటగా?”

మిషను చప్పుడులో టైలరమ్మకి వేరే మాట వినబడింది. “పోశాడన్నా. ఇప్పుడే. చీరంతా తడిసిపోయింది” అంది విసుగ్గా.

“ఇప్పుడేనా?”

“రోజూ ఇదే గోల వీడితో.”

బిడ్డ పోతే రోజూ గోల అంటుందేమిటి, మతి చలించినట్టుంది పాపం అనుకున్నాడు క్యాంటీనాయన. ఆయన బయటికొచ్చి భోరుమంటే లైట్లవాళ్ళు సగం రోజు సెలవడిగారు. సీరియల్లో తాతగారి వేషం వేసే పెద్దాయన ఎందుకైనా మంచిదని పెద్ద పూలదండ తెప్పించాడు. టైలరమ్మ ఆ దండ చూసి, తన కొడుక్కి సన్మానం కాబోలనుకుని వాడికి కొత్త చొక్కా తొడిగింది.

ఈ గందరగోళంలో సంగతి సరిగ్గా విన్నది కోడలొక్కతే. ఆమె తిన్నగా కుండపోత దగ్గరికి వచ్చింది.

“గురువుగారూ, వాణ్ణి ఎక్కడికైనా పంపించెయ్యండి. పిన్నిగారింటికి పంపండి. ఎవరో ఎత్తుకుపోయారని రాయండి, పెద్దయ్యాక దొరికాడని రాయండి. పోయాడని మాత్రం రాయకండి.”

“నా చేతిలో ఏముంది తల్లీ? పైనుంచి...”

“తెలుసు. అప్పుడు ఆస్పత్రిలోనూ అలాగే అన్నారు.”

కుండపోత తల దించుకున్నాడు. “చెయ్యలేకపోతే చెప్పమ్మా. సీన్లో అత్తగారు ఎత్తుకున్నట్టు మారుస్తాను.”

“వద్దు. వేరేవాళ్ళు ఎత్తుకుంటే వాడు ఏడుస్తాడు” అంది కోడలు.

సాయంత్రం సీను మొదలైంది. సామాన్లు సర్దే కుర్రాళ్ళకి ఎవరూ కొత్తగా ఏమీ చెప్పలేదు. పాత ఒప్పందం ప్రకారం వాళ్ళు డబ్బాని గుడ్డతో తుడిచి, పేరు కెమెరావైపు తిప్పి, ఉయ్యాల పక్కనే పెట్టారు. బుడ్డోడు నిజంగానే నిద్రపోయాడు. పుట్టినప్పటి నుంచి ఎవరి మాటా విననివాడు ఆ వేళ చచ్చినట్టు పడుకున్నాడు.

మేకప్ మనిషి కన్నీళ్ళకోసం గ్లిజరిన్ సీసా ఇస్తే కోడలు తీసుకోలేదు. కుండపోత ఆమెకోసం గుండెలవిసే డైలాగులు పేజీలకొద్దీ రాశాడు. అందులో ఒక్కటీ ఆమె నోట రాలేదు. ఉయ్యాల మీదికి వంగి, వాడి కాళ్ళ మీదికి దుప్పటి లాగింది. మళ్ళీ లాగింది. “చలేస్తుందేమో” అంది. ఎవరినీ ఉద్దేశించి కాదు. తర్వాత ఆమె భుజాలు మాత్రం కదిలాయి. కట్ చెప్పాల్సిన రీటేక్ మొహం తిప్పుకుని ముక్కు చీదుకుంటున్నాడు. కట్ చెప్పేవాళ్ళు లేక కెమెరా తనకి అలవాటైన దారిలో ఉయ్యాల మీంచి మెల్లగా జరిగి, డబ్బా మీద ఆగి, దాని పేరు కూడబలుక్కుని చదివినంతసేపు నిలబడింది.

ఆ రోజు రీటేక్ నోట రీటేక్ అన్న మాట రాలేదు.

మర్నాడు ఛానెల్ ఆఫీసులో ప్రసారానికి ముందు చూసుకునే చీకటి గదిలో కత్తెర, కుండపోత, రీటేక్, పాలపొడి కంపెనీ మనిషి కూర్చున్నారు. పైనుంచి ఆర్డరు తెచ్చినాయన్ని ఒకసారి కళ్ళారా చూడాలని కోడలు కూడా వచ్చి వెనకవరసలో కూర్చుంది. సీను అయిపోయి దీపాలు వెలిగాయి. మొదట లేచినవాడు కంపెనీ మనిషి.

“ఇదేం అన్యాయమండీ. మా డబ్బా పక్కన పిల్లాడు పోవడమేంటి? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? మేం యాడ్ అడిగితే మీరు ఏడుపు ఇచ్చారు.”

“అసలు డబ్బా ఇంకా ఎందుకుంది?” కత్తెర మొహం ఎర్రబడింది. “డబ్బా పోవాలని నేను స్పష్టంగా చెప్పానా లేదా?”

“డబ్బానా?” అన్నాడు కుండపోత.

“డబ్బాయే. మీరేం విన్నారు?”

“అబ్బాయి.”

“మిక్సీ తిరుగుతోందండీ” అన్నాడు కుండపోత సన్నగా.

“మరి జబ్బుతో పోనిద్దామా అని కూడా అడిగానే?” అన్నాడు మళ్ళీ ఆయనే.

“నాకు డబ్బుతో అని వినబడింది” అన్నాడు కత్తెర.

“పైనుంచి అంటే?”

“పై అంతస్తు. మా డైరెక్టర్లు కూర్చునేది అక్కడే.”

ముందు రీటేక్ నవ్వాడు. తర్వాత కత్తెర, ఆ తర్వాత తనని తాను ఆపుకోలేక కుండపోత. ఇంకా ప్రసారం కాలేదు కాబట్టి మునిగిపోయిందేమీ లేదు. ఈ సీను చెరిపేస్తారు. డబ్బా పోతుంది, పిల్లాడు ఉంటాడు, పన్ను వస్తుంది. కంపెనీ మనిషి కూడా “పోన్లెండి, డబ్బా పోయినా పిల్లాడు దక్కాడు” అనేశాడు.

రీటేక్ ఉత్సాహంగా వెనక్కి తిరిగాడు. “విన్నావా అమ్మా? మనవాడు పోలేదు. తప్పుగా విన్నారు, అంతే. ఒక్క ఫోనుతో పోయినవాడు ఒక్క మాటతో తిరిగొచ్చేశాడు.”

కోడలు లేచి, కుర్చీల మధ్యనుంచి నడిచి కత్తెర ముందుకు వచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు. దారి అడిగే మనిషిలా ఉంది.

“అప్పుడు ఆస్పత్రిలో నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి చెప్పిందండీ. బయట బళ్ళ చప్పుడు, ఎవరో అరుస్తున్నారు. పోయాడు అన్నట్టు వినబడింది” అంది. “నేనూ తప్పుగా విన్నానేమో. ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కుంటారా?”

కత్తెర చేతిలో ఫోను ఉంది. కంపెనీ మనిషి మెల్లగా కూర్చున్నాడు.

ఆ మాట మాత్రం గదిలో ఎవరికీ తప్పుగా వినబడలేదు.