మేబెల్‌కి ప్రూఫు లేదు

గుర్తింపు కార్డు మానవజాతికి దక్కిన మహా వరం! మనిషిదేముంది, పూటకో మాట చెబుతాడు. కన్నతల్లి కూడా ఒక్కోసారి ఒక కూతుర్ని ఇంకో కూతురి పేరుతో పిలుస్తుంది. కార్డు అలా కాదు. ఒకసారి ముద్ర పడిందా, ఇక తిరుగులేదు.

ఈ సత్యం తెలియనివాళ్లే పరాయిదేశంలో కాగితాలు లేకుండా బతికి, తిరిగొచ్చాక ఇక్కడ తిప్పలు పెడుతున్నారంటూ గొణుగుతారు. అలాంటి ఒకావిడ సంగతి చెబుతాను. తప్పెవరిదో మీరే తేల్చండి.

నేను ఆంధ్రప్రదేశ్ సర్కారు కొలువులో ముప్పై ఆరేళ్లు ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి. అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్నాను. వెనకవైపు ఒక గదీ వంటిల్లూ ఖాళీ అయితే టులెట్ బోర్డు పెట్టాను. మర్నాడే లాలాగూడ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. పెద్దావిడ ఎమిలీ. భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రెండో ఆవిడ ఆమె చెల్లెలు మేబెల్. నలభై అయిదేళ్లుంటాయి. గది కావలసింది చెల్లెలికే.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారమ్మా?" అని మేబెల్‌నే అడిగాను.

"గల్ఫ్‌ల సార్. పదకొండేండ్లు. వీసా లేనోళ్లు పోవాల్నంటే పొండ్రి, జైల్ల ఎయ్యం అని ఆమ్నెస్టీ ఇచ్చిండ్రు గద, గప్పుడొచ్చిన."

ఇంటిపనికని వెళ్లిందట. మొదటి ఇంటాయన పాస్‌పోర్టు లాక్కుని, రెండేళ్లు జీతం లేకుండా చాకిరీ చేయించాడు. ఒకరోజు చెత్త సంచి పారేసి వస్తానని గేటు దాటి, అటునుంచి అటే నడిచి వెళ్లిపోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లూ ఒక ముసలావిడ ఇంట్లో పని. పోలీసు బండి కనిపిస్తే సందులోకి దూరడం. పన్ను నొప్పి వస్తే ఆస్పత్రికి వెళ్లలేక ఒక వడ్రంగి చేత పీకించుకోవడం!

"మరి ఆ ముసలావిడ ఏ ధైర్యంతో పెట్టుకుంది మిమ్మల్ని?"

"నా మొఖం జూసింది సార్. వారం దినాలు నా పని జూసింది. ఆ ఎన్క బీరువా తాళాలు సుత నా చేతికే ఇచ్చింది."

చూశారా! మొహం చూసి తాళాలివ్వడమా? మన సికింద్రాబాదులో అలాంటి పద్ధతులు నడుస్తాయా?

"ప్రూఫు తెండి. గది మీదే" అన్నాను.

ఆవిడ దగ్గర ఒకే ఒక్క కాగితం ఉండేదట. అక్కడి మన ఎంబసీవాళ్లు ఇచ్చిన ఔట్‌పాస్. ఫోటో అంటించి, ఈవిడ భారతీయురాలే అని రాసిచ్చిన కాగితం. దాన్ని ఇక్కడ విమానం దిగగానే తీసేసుకున్నారు.

"ఇంటికొచ్చినవ్ గద, ఇంక నీకెందుకన్నరు సార్."

నిజమే కదా! ఇల్లు చేరినవాళ్లకి కాగితంతో ఏం పని?

కార్డులిచ్చే ఆఫీసుకి వెళ్లింది. అడ్రసు ప్రూఫు కావాలన్నారు. అద్దె అగ్రిమెంటు తెస్తే చాలన్నారు. అగ్రిమెంటు కోసం నా దగ్గరికొచ్చింది. ముందు కార్డు తెమ్మన్నాను. ఎంత పకడ్బందీ ఏర్పాటో చూడండి, చీమ కూడా దూరలేదు!

ఆ ఆఫీసులో గుమాస్తా ఇంకా నిక్కచ్చి మనిషి.

"పదకొండేండ్లు ఏడున్నవో దానికి ప్రూఫ్ తేవమ్మా" అన్నాడట.

"ప్రూఫే ఉంటే గన్నేండ్లు ఎందుకు దాక్కుంట సార్?" అందట ఈవిడ. పెద్దలతో మాట్లాడే పద్ధతేనా ఇది?

ఆఫీసు గేటు దగ్గర ఒక బ్రోకరు పలకరించాడట. మూడు రోజుల్లో రేషన్ కార్డుతో సహా అన్నీ చేతిలో పెడతానన్నాడట. ఆ మాట నాతో చెబితే శ్రేయోభిలాషిగా సలహా ఇచ్చాను: "చేయించుకోండమ్మా, లోకంలో అందరూ చేసేదే."

మేబెల్ మొహం ఎర్రబడింది. "తొమ్మిదేండ్లు దొంగ లెక్క బతికిన సార్. సైరన్ ఇంటే ఇప్పటికీ సందు యాడుందా అని చూస్త. ఇంటికి పోయి సీదా బతుకుదామని వచ్చిన. ఈడ సుత దొంగ కాగితమేనా?"

చాదస్తం కాకపోతే ఏమిటి! బ్రోకర్లు లేకపోతే ఈ దేశంలో కదిలే ఫైలు ఒక్కటుందా?

మర్నాటి నుంచి ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. తాళం తీసే వేళకి రావడం, తాళం వేసే వేళకి లేవడం. అరవలేదు, ఏడవలేదు. ఎదురుగా అలా చూస్తూ కూర్చుంటే గుమాస్తాకి మధ్యాహ్నం ముద్ద దిగలేదట. పంతొమ్మిదో రోజున ఆయనే దరఖాస్తు నింపి, ఎమిలీ ఇంటి అడ్రసు రాసి పంపించాడు. రెండు నెలలకి కార్డు వచ్చింది.

అక్కచెల్లెళ్లిద్దరూ తెచ్చి చూపించారు. కళ్లజోడు పెట్టుకుని పరిశీలించాను. పేరు: మేబెల్. సరే. లింగం: పురుషుడు. ఫోటోలో గుబురు మీసాల పెద్దమనిషి ఒకాయన. కానీ నంబరు ఉంది, సంతకం ఉంది, ముద్ర ఎంత స్పష్టంగా ఉందని! నా సర్వీసంతటిలో అంత చక్కటి ముద్ర చూడలేదు.

"ఇదమ్మా ప్రూఫంటే! జిరాక్స్ ఇచ్చి రేపే దిగండి" అంటూ తాళంచెవి అందించాను.

మేబెల్ తాళంచెవి వంక చూసింది. నా వంక చూసింది. "ఏందీ సార్ గిది? మూడు నెలల సంది మీ ముంగట నిలబడుతున్న, నేను కనబడలే. గీయన కనబడ్డడా? గీ మీసాలాయనకే ఇయ్యిండ్రి మీ రూము" అని, అక్క చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు రెజిమెంటల్ బజార్‌లో, గాజుల కొట్టు కమలాబాయి మేడమీద గదిలో ఉంటోందట. కమలాబాయి కార్డే అడగలేదట. "నీళ్లు పొద్దుగాలనే వస్తయ్, జెర తొందరగ లేవు" అని చెప్పి తాళం ఇచ్చిందట. ఇలాంటివాళ్ల వల్లే దేశం పాడైపోతోంది!

నా గది మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ఈలోపు అయిదారుగురు వచ్చి చూసుకున్నారు. అందరి దగ్గరా కార్డులున్నాయి, అటెస్ట్ చేయించిన జిరాక్సులున్నాయి. అయినా ఎందుకో ఒక్కరికీ తాళం ఇవ్వబుద్ధి కావడం లేదు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయండీ, మనుషులెలాంటివాళ్లో తెలియడం లేదు!